ఎనభై పురుగుల పంచనామా

ఉమ్మెత్తల సత్యవేణికి పురుగులంటే భయం లేదు. కమిటీలంటేనే భయం. పురుగు ఏం తింటుందో ముందే తెలుస్తుంది. కమిటీ ఏం తింటుందో తెలీదు. ఒక్కోసారి బుర్ర, ఒక్కోసారి ఏడాది.

ఆమె పి.హెచ్.డి. చేస్తున్నది టేకు ఆకుపురుగు మీద. పి.హెచ్.డి. అంటే పురుగుల హింసా డిగ్రీ అని హాస్టల్లో ఆమెకు పేరు. తొలకరి పడగానే ఎక్కడినుంచో దిగబడి, పన్నెండు రోజుల్లో తోట తోటంతా ఆకుల్ని జల్లెడ చేసి, పని కాగానే ప్యూపాగా ముడుచుకుని పడుకునే రకం ఆ పురుగు. మందు కొట్టకుండా దాని రోగం కుదర్చడానికి సత్యవేణి రెండేళ్లుగా ఒక కందిరీగను సాకుతోంది. కుట్టే కందిరీగ కాదు, ఆవగింజలో సగం ఉంటుంది. అది పురుగు ఒంట్లో గుడ్లు పెడుతుంది. పిల్లలు లోపల కూర్చుని పురుగును తినేసి రెండు వారాల్లో బయటికొస్తాయి. దీన్ని జీవ నియంత్రణ అంటారు. వినడానికి ఎంత హాయిగా ఉందో, పురుగుకు అంత హాయిగా ఉండదు.

రెండేళ్లూ ఫెలోషిప్ వచ్చింది. మూడో ఏడు మాత్రం కమిటీ వారి ఉత్తరం వచ్చింది.

"ప్రయోగశాలలో సాధించిన ఫలితములు సంతృప్తికరముగానే యున్నవి. అయినను, అటవీ పురుగుపై, అటవీ ప్రాంతమునందు, పరిశోధకురాలితో గాని ఆమె గైడుతో గాని ఎట్టి సంబంధమును, సానుభూతియును లేని స్వతంత్ర సంస్థచే ధ్రువీకరింపబడిన ఫలితమును జూలై ఇరవై అయిదవ తేదీలోపు సమర్పించనిచో ఫెలోషిప్ పొడిగింపబడదు."

ఫెలోషిప్ అనే షిప్పు మునిగితే ఫెలో ఎక్కడ తేలుతుందో సత్యవేణికి తెలుసు. తునిలో ఒక జూనియర్ కాలేజీలో తేలుతుంది. అంతకుముందు మూడేళ్లు అక్కడే ఇంటర్ పిల్లల చేత బొద్దింక కాళ్ల మీద బిట్లు బట్టీ పట్టించింది. ఆ కాలేజీవాళ్లు ఇప్పటికీ నెలకోసారి ఫోన్ చేసి, "మేడమ్, మీ బొద్దింక మీకోసం ఎదురు చూస్తోంది" అంటారు. ఆమె వెళ్లిపోతే ల్యాబులో కందిరీగలకు మేత పెట్టే దిక్కుండదు. యాభై తరాలుగా సాకిన వంశం వారంలో అంతరిస్తుంది.

గైడు భ్రమరాంబ గారు ఉత్తరం రెండుసార్లు చదివి కళ్లజోడు తీసేశారు. కీటకశాస్త్రంలో ఆ పేరుతో ముప్పయ్యేళ్లు నెట్టుకొచ్చిన మనిషి ఆవిడ.

"అమ్మాయ్, పురుగు దొరకడం తేలిక. స్వతంత్ర సంస్థ దొరకడమే కష్టం. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది గానీ, సంస్థలకి ఇంకా అందినట్టు లేదు. ముందు పురుగుని పట్టుకో. సంస్థని తర్వాత పట్టుకుందాం."

*

తొలకరి పడ్డ మూడోనాడు సత్యవేణి జగ్గన్నగూడెం రేంజి ఆఫీసులో ఉంది. రేంజర్ కోదండపాణి గారి రేంజే వేరు. మీసం దగ్గర్నుంచి సంతకం వరకూ అన్నిటికీ రెండు కొసలూ పైకి తిరిగి ఉంటాయి.

"ఏం కావాలమ్మా?"

"పురుగులు కావాలి సార్."

"ఎన్ని?"

"ఎనభై."

కోదండపాణి గారు కుర్చీలో వెనక్కి వాలారు. ఇన్నేళ్ల సర్వీసులో ఆయన్ని కలప అడిగారు, వెదురు అడిగారు, తేనె అడిగారు, బదిలీ ఆపమని అడిగారు. పురుగు అడిగినవాళ్లు లేరు.

"ఇదుగోనమ్మా, అడవిలో పుట్టింది ఏదైనా అటవీ ఉత్పత్తే. తేనె అటవీ ఉత్పత్తి, లక్క అటవీ ఉత్పత్తి. పురుగు మాత్రం ఏం పాపం చేసింది? ప్రభుత్వ సొత్తు."

"సార్, ఆ ప్రభుత్వ సొత్తు మీ టేకు తోటని తినేస్తోంది."

"తిననివ్వండి. ఆకు పురుగు కడుపులో ఉంది. పురుగు అడవిలో ఉంది. కాబట్టి ఆకు అడవిలోనే ఉంది. స్టాకులో తేడా లేదు. మీరు పురుగును బయటికి పట్టుకెళ్లారనుకోండి, టేకు ఆకును అక్రమంగా తరలించినట్టు."

ఆ తర్కంలో సూది దూర్చే సందు లేదు.

గుమ్మం దగ్గర నిలబడ్డ ముసలి వాచర్ కుంజా జోగయ్య మెల్లగా అన్నాడు. "సారూ, పురుగులు లోపలికొచ్చేటప్పుడు పర్మిట్టు తీసుకున్నయ్యా?"

"జోగయ్యా, నువ్వు గేటు చూడు."

అర్జీ డివిజన్ ఆఫీసుకు వెళ్లింది. అక్కడినుంచి ఆరో రోజున ఒక ప్రశ్నతో తిరిగొచ్చింది. 'ఒక్కొక్క పురుగు పొడవు, మధ్యభాగపు చుట్టుకొలత తెలియజేయవలెను.' దుంగలకు రాసే ఫారం తప్ప వాళ్ల దగ్గర వేరే ఫారం లేదు. సత్యవేణి ఎనభై పురుగులకు నడుం కొలతలు తీసి పంపింది. దర్జీ కూడా అంత ఓపిగ్గా కొలవడు.

పన్నెండో రోజున అనుమతి వచ్చింది. షరతు ఒక్కటే. రేంజి దాటే ప్రతి ఉత్పత్తి మీదా శాఖ వారి సుత్తి ముద్ర ఉండాలి.

కోదండపాణి గారు నిజంగానే సుత్తి తెప్పించారు. దుంగ కొసను కొడితే అక్షరాలు దిగే ఇనప సుత్తి, రెండు కిలోలు. బల్ల మీద ఒక పురుగును పెట్టారు. సుత్తి ఎత్తారు. ఆగారు.

"కొడితే ముద్ర ఉంటుంది, పురుగుండదు" అన్నారు ఆలోచించి. "కొట్టకపోతే పురుగుంటుంది, ముద్రుండదు. దీని మీద పైనుంచి వివరణ అడగాలి."

"అక్కర్లేదు సార్" అంది సత్యవేణి నీరసంగా. "అది పురుగు కాదిప్పుడు. చూడండి, ముడుచుకుంది. ప్యూపా అయిపోతోంది."

కోదండపాణి గారు అనుమతి పత్రం మళ్లీ చదివారు. "ఇందులో పురుగులని ఉంది. ప్యూపాలని లేదు. రూపం మారితే అర్జీ మారాలి."

ప్యూపాల కోసం అర్జీ పెట్టింది. అనుమతి వచ్చేసరికి అవి రెక్కలొచ్చి ఎగిరిపోయాయి. ఫైలు కూడా గుడ్డు, పురుగు, ప్యూపా దశలన్నీ దాటింది గానీ దానికి మాత్రం రెక్కలు రాలేదు. జీవ నియంత్రణ గొప్పదే కావచ్చు, జీవో నియంత్రణ ముందు ఎంత అనిపించింది సత్యవేణికి.

*

జూలై ఒకటిన రెండో విడత పురుగులు దిగాయి. గడువు ఇరవై నాలుగు రోజులు. కందిరీగ పని, లెక్కలతో సహా పూర్తి కావడానికి పద్దెనిమిది. మూడో అర్జీ పెడితే మిగిలేది తుని.

సత్యవేణి అర్జీ పెట్టలేదు. ల్యాబులోంచి రెండు పెద్ద గాజు సీసాలు, మూతికి కట్టడానికి పల్చటి గుడ్డ, గొట్టంలో కందిరీగలు పట్టుకుని ఉదయాన్నే తోటలోకి వెళ్లింది. జోగయ్య గేటు దగ్గర ఆకాశంకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆమె లోపలికి వెళ్లేదాకా ఆకాశంలో ఏముందో అది చూస్తూనే ఉన్నాడు.

ఒక్కో సీసాలో నలభై చిన్న పురుగుల్ని వేసింది. మొదటి సీసాలోకి కందిరీగల్ని వదిలింది. రెండో దాంట్లో వదల్లేదు. కందిరీగలు లేకపోతే ఏమవుతుందో చూపించాలి కదా. రెండిటికీ గుడ్డ కట్టి లేచేసరికి ఎదురుగా జీపు ఆగి ఉంది.

"రెడ్‌హ్యాండెడ్!" అన్నారు కోదండపాణి గారు, జీపులోంచి ఒక కాలు దింపి.

అక్కడికక్కడే పంచనామా మొదలైంది. పంచనామా అంటే అయిదు నామాలేం కాదు. ఫెలోషిప్‌కు పెట్టడానికి ఒక్కటి చాలు. దారిన పోతున్న ఇద్దరిని మధ్యవర్తులుగా కూర్చోబెట్టి రాయించారు.

"ఒకటవ సీసా: జీవముతో నున్న పురుగులు నలభై, మిక్కిలి సూక్ష్మమైన ఈగల వంటివి కొన్ని (లెక్కకు లొంగలేదు). రెండవ సీసా: పురుగులు నలభై, ఈగల వంటివి లేవు. సీసాలను మధ్యవర్తుల సమక్షమున తాడుతో బంధించి, లక్కతో సీలు వేయడమైనది."

"సార్, సీలు వేస్తే వేశారు" అంది సత్యవేణి. "రోజూ లేత ఆకు వేయకపోతే చచ్చిపోతాయి."

కోదండపాణి గారి మీసం ఒక కొస కిందికి దిగింది. "చస్తాయా?"

"చస్తాయి సార్."

కేసు సొత్తు కస్టడీలో చావడం! అలాంటి కస్టడీ మరణం కిందే పక్క రేంజిలో ఒకాయనకు ఇంక్రిమెంటు ఆగింది. ఆయన పట్టిన కుందేలు కోర్టు దాకా రాలేదు.

మర్నాటి నుంచి జగ్గన్నగూడెం రేంజి ఆఫీసు పని తీరే మారిపోయింది. ఉదయం పదింటికి మధ్యవర్తుల సమక్షంలో సీలు తీసేవారు. ఒక్కో సీసాలో అరచేతంత ఇరవై ఆకు ముక్కలు వేసేవారు. ఆకు కోయడానికి 'ప్రభుత్వ సొత్తును ప్రభుత్వ సొత్తుకు మేపు నిమిత్తం' అని విడిగా ఉత్తర్వు. నిన్నటి ముక్కల్లో ఎన్ని తిన్నాయో, ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి రాసేవారు. మళ్లీ సీలు. సీసాకూ సీసాకూ ఆకు తేడా వస్తే పక్షపాతం చూపారంటారని, రెండిటికీ ఒకే చెట్టు ఆకు. ఎండ తగిలితే చస్తాయేమోనని ఆరోగ్య కేంద్రం నుంచి థర్మామీటరు అరువు తెచ్చి పూటకోసారి గదిలో వేడి చూసేవారు. కేసు వివరాలు బయటికి పొక్కకూడదు కాబట్టి, రోజూ కొత్త మధ్యవర్తుల్ని పిలిచి, ఏ సీసాలో ఏముందో వాళ్లకు చెప్పేవారు కాదు. వాళ్లు కనబడింది కనబడ్డట్టు చెబితే గుమాస్తా రాసుకునేవాడు. శీలానికైనా మచ్చ రావచ్చు గానీ ఆ సీలుకు రాలేదు.

నిందితురాలు రోజూ పదింటికి వచ్చి సంతకం పెట్టాలి. అలా పెడుతూ పెడుతూ అయిదో రోజున సత్యవేణి పంచనామా కేసి ఓరగా చూసింది. రెండో సీసా: వేసినవి ఇరవై, తిన్నవి ఇరవై. ఒకటో సీసా: వేసినవి ఇరవై, తిన్నవి ఆరు.

ఆమె చేతిలో పెన్ను ఆగిపోయింది. బయటికొచ్చి భ్రమరాంబ గారికి ఫోన్ చేసి మొత్తం వినిపించింది.

"అమ్మాయ్, ఆకులు లెక్కపెడుతున్నారా?"

"రోజూ మేడమ్. థర్మామీటర్ కూడా పెట్టారు."

"మన ల్యాబులో థర్మామీటర్ పగిలి మూడేళ్లయింది. సత్యవేణీ, నువ్వు చచ్చినా ఆ కేసు రాజీ చేసుకోకు."

"ఎందుకు మేడమ్?"

"ప్రయోగం చెడిపోతుంది!"

సరిగ్గా ఆ మధ్యాహ్నమే కోదండపాణి గారు ఆమెను పిలిచి కుర్చీ చూపించారు. మేత పని ఆయన్ను నలిపేస్తోంది. "మేడమ్, ఎందుకొచ్చిన గొడవ? తప్పయిందని ఒక కాయితం రాసి, చిన్న రుసుము కట్టి కేసు కాంపౌండ్ చేసుకోండి. కాంపౌండ్ చేసుకుంటే ఇప్పుడే కాంపౌండ్ దాటి వెళ్లిపోవచ్చు."

"వద్దు సార్. చట్టం తన పని తాను చేసుకోనివ్వండి."

"సీసాలు కూడా ఇచ్చేస్తానమ్మా!"

"అయ్యయ్యో, సీసాలు అస్సలొద్దు సార్. మీ దగ్గరే ఉండాలి. సీలు మాత్రం గట్టిగా వేయించండి. నిన్న రెండోదానికి లక్క కాస్త తక్కువైంది."

వదిలెయ్యమని కాళ్లు పట్టుకున్న నిందితుల్ని చూశారాయన. పట్టు వదలొద్దని పట్టుబట్టే నిందితురాలు ఈవిడే. ఆ రోజు నుంచి ఆయన సీలు మీద తన వేలి ఉంగరం కూడా నొక్కడం మొదలుపెట్టారు.

తొమ్మిదో రోజున ఆఫీసు నుంచి కబురు. వెళ్లేసరికి కోదండపాణి గారు మీసం రెండు కొసలూ దించుకుని సీసాల ముందు కూర్చుని ఉన్నారు.

"మీవాళ్లు తిండి మానేశారు. రెండు సీసాల్లోనూ. నిరాహార దీక్షేమో అని భయంగా ఉంది. యూనియన్ వాళ్లకి తెలిస్తే!"

"ముడుచుకునే టైమొచ్చింది సార్. ఇంకేం తినవు. దీక్ష విరమించాక బయటికొస్తాయి."

"ఏ రూపంలో వస్తాయి?"

"అది మీరే చూసి రాయాలి సార్. నేను చెప్పకూడదు. నిందితురాలిని."

*

పద్దెనిమిదో రోజున డివిజన్ నుంచి పెద్దసారు కేసు సొత్తు తనిఖీకి వచ్చారు. బల్ల మీద తెల్లగుడ్డ, గుడ్డ మీద రెండు సీసాలు. సీళ్లు భేషుగ్గా ఉన్నాయని మొదట రాయించుకున్నారు. తర్వాత రెండో సీసా విప్పించారు.

గోధుమరంగు రెక్కల పురుగులు గుప్పున లేచి పెద్దసారు టోపీ మీద వాలాయి. లెక్కపెడితే ముప్పయ్యెనిమిది. రెండు చచ్చిన ప్యూపాలు అడుగున దొరికాయి. "సొత్తు సరిపోయినది. రూపము మాత్రము మారినది" అని గుమాస్తా రాశాడు.

ఒకటో సీసా విప్పారు. సన్నటి పొగలా ఏదో లేచి కిటికీలోంచి పోయింది. అడుగున నలభై డొల్లలు. ఊదితే ఎగిరిపోయేలా ఉన్నాయి.

"పురుగులేవయ్యా?" అన్నారు పెద్దసారు.

కోదండపాణి గారు సీసాలోకి తొంగి చూశారు. సీసా కిందికి తొంగి చూశారు. "ఉండాలి సార్."

"ఉండాలి సరే. ఉన్నాయా? నలభై యూనిట్ల ప్రభుత్వ సొత్తు, మీ గదిలో, మీ సీలు కింద మాయమైంది. సీలు ఎవరు తీశారు?"

"నా ఉంగరం ముద్ర చెరగలేదు సార్! గది తాళంచెవి నా మొలతాడుకే ఉంటుంది. చీమ కూడా దూరలేదు!"

"మరి తిన్నదెవరు?"

కోదండపాణి గారు సత్యవేణి కేసి చూసిన చూపులో చట్టం లేదు, శాఖ లేదు. బదిలీ భయం ఒక్కటే ఉంది. సత్యవేణి నోరు విప్పలేదు. విప్పితే సానుభూతి అయిపోతుంది.

గుమ్మం దగ్గర్నుంచి జోగయ్యే అందుకున్నాడు. "పెద్దసారూ, ఇప్పుడు కిటికీలోంచి పోయినయ్ సూడు, సన్నటియ్. ఆ ఈగలే తిన్నయ్. పురుగు ఒంట్లో కూసోని పురుగునే తిన్నయ్. మడిసి చెయ్యి పెట్టలా."

"అదే సార్! మనిషి చెయ్యి పెట్టలేదు!" కోదండపాణి గారు ఊపిరి పీల్చుకున్నారు. "పంచనామాలో మొదటి రోజే రాశాం సార్, లెక్కకు లొంగని ఈగలని!"

పెద్దసారు పద్దెనిమిది రోజుల కాగితాలూ తిరగేసి, చివరికి స్వయంగా చెప్పి రాయించారు.

"ఒకటవ సీసాలోని నలభై పురుగులకు గాను నలభై పురుగులును సదరు ఈగల చేతనే పూర్తిగా నాశనమైనవనియు, రెండవ సీసాలో ఈగలు లేనందున అట్టి నాశనము జరుగలేదనియు, ఈ వ్యవహారములో శాఖా సిబ్బంది గాని, పరిశోధకురాలు గాని, ఏ ఇతర మానవుడు గాని జోక్యము చేసుకొనలేదనియు నిస్సందేహముగా నిర్ధారించడమైనది. సొత్తు నాశనమునకు ఈగలే బాధ్యులు. నిందితులు సుమారు రెండు వేలు. పరారీలో నున్నారు."

కింద డివిజన్ ముద్ర గట్టిగా పడింది.

"సార్, నిందితురాలికి ఒక నకలు ఇవ్వాలి కదా" అంది సత్యవేణి వినయంగా.

"మీరిప్పుడు నిందితురాలు కాదమ్మా. సాక్షి."

"సాక్షికి రెండు ఇవ్వండి సార్."

*

ఇరవై అయిదో తేదీన కమిటీ కూర్చుంది. కమిటీ ఛైర్మన్ గారు నలభై పేజీల పంచనామాను ఒక్కో పేజీ తిప్పుతూ కళ్లజోడు పైకి తోసుకున్నారు.

"రోజుకో ఆకు లెక్క. పూటకో ఉష్ణోగ్రత. సాక్షులకు ఏది ఏ సీసానో తెలియనివ్వలేదు. ఇరువైపులా సీలు. ఇంత నిష్పాక్షికత మా సంస్థ చరిత్రలో చూడలేదు. వీరికి మీ మీద ఏమైనా సానుభూతి..."

"కేసు పెట్టారండి."

"శభాష్! స్వతంత్ర సంస్థ అంటే అలా ఉండాలి." ఛైర్మన్ గారు పక్కవారి కేసి తిరిగి తలూపారు. "మూడవ సంవత్సరము మంజూరు. అయితే ఒక షరతు. ఒక్క రేంజిలో ఒక్క ఫలితం చాలదు. సెప్టెంబరులోపు ఇదే రేంజిలో మరొకసారి, వేరే రెండు రేంజిలలో ఒక్కొక్కసారి, మెథడాలజీ అణువంతయు మార్చక, పునరావృతము చేయవలెను. లేనిచో మంజూరు రద్దు."

సత్యవేణి పెదాలు తడుపుకుంది. "అణువంత కూడా మార్చకుండా అంటే... మళ్లీ పట్టుబడాలా సార్?"

"రిపోర్టులో ఆ పదం వాడకండి. 'శాఖాంతర సహకారము' అనండి."

*

మర్నాడే ఆమె జగ్గన్నగూడెం పరిగెత్తింది. కనీసం ఒక చోటైనా తెలిసినవాళ్ల చేతిలో పట్టుబడితే మేలు కదా. కోదండపాణి గారు ఆమెను చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"రండి మేడమ్! మీకు శాశ్వత అనుమతి తయారు చేసి పెట్టాను. ఎన్ని పురుగులు కావాలంటే అన్ని పట్టుకెళ్లండి. కొలతల్లేవు, సుత్తి లేదు. మా ఆఫీసులో మాత్రం పెట్టకండి."

"అనుమతి వద్దు సార్!" దాదాపు ఏడ్చినంత పని చేసింది. "అనుమతుంటే మీరు పట్టుకోరు. పట్టుకోకపోతే సీలుండదు. దయచేసి ఒక్కసారి అరెస్టు చేయండి సార్."

ఆయన మీసం కొసలు రెండూ నెమ్మదిగా పైకి లేచాయి. ఫైలు వాసన తగిలిన మీసం.

"పట్టుకోమని కోరడం... దానికి ఫారం లేదమ్మా. అర్జీ రాయండి. డివిజన్‌కు పంపిస్తాను. పన్నెండు రోజులు పడుతుంది."

పన్నెండు రోజులు! అప్పటికి తోటలో కొత్తగా దిగిన విడత పురుగులన్నీ ముడుచుకుంటాయి.

ఆమె అనుమతి పత్రాన్ని బల్ల మీదే వదిలేసి, సంచిలో సీసాలు గలగలమంటుండగా బయటికొచ్చింది. జోగయ్య గేటు తీసి పట్టుకుని, ఎప్పటిలాగే ఆకాశంకేసి చూస్తూ అన్నాడు.

"అమ్మా, వాగు అవతలి రేంజికి కొత్త సారొచ్చాడంట. బాగా కోపిష్టోడు. ఎవురినీ వొదలడంట."

సత్యవేణి ఆగింది. ముఖం విప్పారింది. సంచి భుజానికెత్తుకుంది.

"పొద్దున ఎన్నింటికి తిరుగుతాడు తాతా, జీపులో?"